వారానికో సెట్టు తినేస్తున్న గిటారు: అంతర్వేది వైపు నుంచి వచ్చిన ఒక కేసు

ఈ గిటారు సఖినేటిపల్లి మండలం నుంచి వచ్చింది. అంతర్వేది దారిలో, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న ఊరు. వాయించే అతను పగలంతా రొయ్యల చెరువుల పని చూసుకుంటాడు. ఆదివారం చర్చిలో వాయిస్తాడు. పెళ్లిళ్ల సీజన్లో, తీర్థాలప్పుడు ఒక ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్. విషయం రాయడానికి ఒప్పుకున్నాడు, పేరు మాత్రం రాయడం లేదు.

ఫిర్యాదులు రెండు. మొదటి స్ట్రింగ్, అంటే సన్న ఈ, ప్రోగ్రాం మధ్యలో తెగిపోతోంది. అది కాకుండా కొత్త సెట్టు వేసిన వారానికే లావు స్ట్రింగ్స్ మొద్దుబారి, కార్డ్ కొడితే దబ్‌దబ్‌మంటున్నాయి.

"మాస్టారూ, ఈమధ్య వచ్చేవన్నీ డూప్లికేటేనండి. ఏ కంపెనీది వేసినా ఇంతే. మన గాలికి ఏది ఆగుద్దో చెప్పండి, అదే వేసేద్దాం" అన్నాడు.

అమలాపురంలో నేను గిటార్లు బాగుచేసే బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. ఏ బ్రాండ్ మంచిది, ఏది ఎక్కువ కాలం ఆగుతుంది అని. ఈ గిటారు విషయంలో బ్రాండ్ మాట చివరికి గానీ రాలేదు. ముందు స్ట్రింగ్‌ని చంపుతున్నదేమిటో తేలితే తప్ప ఏ స్ట్రింగ్ వేయాలో తేలదని గట్టిగా నమ్ముతాను. అందుకే ఈ కేసు మొత్తం రాస్తున్నాను.

గిటారు స్ట్రాటోకాస్టర్ మోడల్ కాపీ. మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు, ఆరు స్క్రూల ట్రెమోలో బ్రిడ్జ్ (తీగలు కింది చివర ఆనే, స్ప్రింగుల మీద ఊగే దిమ్మ), స్కేల్ (పలికే తీగ పొడవు) 25.5 అంగుళాలు, అంటే దాదాపు 648 మిల్లీమీటర్లు. మీద 11 సెట్టు ఉంది, అంటే మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యోవంతులు పదకొండు. ఎవరో "లావువి వేస్తే తెగవు" అన్నారట. అంతకుముందు 10, దానికి ముందు 9. ఒకసారి ప్రోగ్రాం ముందు స్ట్రింగ్ తెగి, దగ్గర్లో ఉన్న షాపులో అకూస్టిక్ సెట్టే దొరికితే అదే ఎక్కించేశాడట. ఆ రోజు సన్న తీగలు రెండూ అరిచాయి, మిగతా నాలుగూ వినపడీ వినపడనట్టు ఉన్నాయన్నాడు.

అలాగే జరగాలి మరి. ఎలక్ట్రిక్ గిటారు పికప్ గాలిలో శబ్దాన్ని వినదు. అయస్కాంతం ముందు ఇనుము కదిలితే పుట్టే కరెంటునే పట్టుకుంటుంది. అకూస్టిక్ సెట్టులో లావు తీగల పైచుట్టు కంచు, దానికి అయస్కాంత గుణం లేదు. లోపలి స్టీలు కోర్ ఒక్కటే పికప్‌కి కనపడుతుంది. సన్న తీగలు పూర్తి స్టీలు కాబట్టి అవి మామూలుగానే పలుకుతాయి. ఎంత అవసరం వచ్చినా ఎలక్ట్రిక్‌కి కంచు సెట్టు వేయకండి. మూడో తీగ కూడా అకూస్టిక్‌లో చుట్టు ఉన్నదే వస్తుంది, బెండ్ చేస్తే, అంటే శ్రుతి పెంచడానికి తీగని పక్కకి లాగితే, వేలు నొప్పే మిగులుతుంది.

ఇక లావు తీగ తెగదన్న మాట. ఇది మన దగ్గర చాలామంది నమ్ముతారు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. అదే స్కేల్ మీద, అదే శ్రుతికి లావు తీగ ఎక్కించాలంటే టెన్షన్ ఎక్కువ పెట్టాలి. తీగ అడ్డుకోత వైశాల్యం ఎంత పెరిగిందో ఆ మేరకు టెన్షనూ పెరుగుతుంది. చివరికి ఆ అడ్డుకోతలో ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద పడే భారం మారదు. మొదటి స్ట్రింగ్ 9 అయినా, 11 అయినా ట్యూన్ చేసి వదిలేసినప్పుడే తెగే బలంలో దాదాపు సగం వాడేసి ఉంటుంది. ఈ భారం మందాన్ని బట్టి కాదు, శ్రుతిని బట్టి పెరుగుతుంది. మొదటి తీగ 329.6 హెర్ట్జ్, రెండోది 246.9. లెక్క కడితే మొదటి దాని మీద ఉన్న భారంలో రెండో దానికి సగం కంటే కాస్త ఎక్కువే వస్తుంది. ఎప్పుడూ ఆ ఒక్కటే తెగడానికి కారణం ఇది. దాని మీద ఫుల్ టోన్ బెండ్ చేస్తే టెన్షన్ ఇంకో నాలుగో వంతు పెరుగుతుంది. అప్పటికీ కొత్త తీగ తట్టుకుంటుంది. గాటు పడిన తీగ, తుప్పు చుక్క ఉన్న తీగ తట్టుకోవు.

కాబట్టి వెతకాల్సింది గాటునీ, తుప్పునీ.

తెగిన తీగలు పారేయకుండా తెమ్మని ఫోన్లోనే చెప్పాను. ఒక కవర్లో వేసి తెచ్చాడు. అన్నీ పరిచి పక్కపక్కన పెట్టి చూస్తే బాల్ (తీగ చివర ఉండే చిన్న లోహపు గుండు) నుంచి దాదాపు ఒకే దూరంలో తెగి ఉన్నాయి. బ్రిడ్జ్ మీద కొలిస్తే అది సరిగ్గా శాడిల్ (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే చిన్న ముక్క) మీద తీగ వంగే చోటు. తీగ బిగించే కీ దగ్గరో, మెడ చివర తీగలు కూర్చునే గాడుల పట్టీ అయిన నట్ దగ్గరో తెగి ఉంటే వేరే వైద్యం. బాల్ ముడి విడిపోయి తెగితే తీగ తయారీలో లోపం వెతకాలి. తెగిన చోటుని ఇలా గుర్తించడానికి రూపాయి ఖర్చు లేదు, అయినా ఈ పని చేసేవాళ్లు తక్కువ.

చిన్న దూది పింజ తీసుకుని ఒక్కో శాడిల్ మీదుగా మెల్లగా లాగాను. అయిదు శాడిళ్ల మీద జారిపోయింది. మొదటి దాని మీద ఆగి, రెండు మూడు పోగులు అక్కడే వేలాడాయి. కంటికి కనపడని గరుకు అంచు ఉందక్కడ. భూతద్దంలో చూస్తే ప్లేటింగ్ లేచిపోయి, తీగ కూర్చునే గాడి పక్కన రంపం పన్నులాంటి మొన కనిపించింది. బెండ్ చేసిన ప్రతిసారీ తీగ ఆ మొన మీద రాసుకుంటోంది. 11 సెట్టు వేయడం వల్ల తీగ ఇంకా గట్టిగా ఆ మొన మీద ఒత్తుకుంది, అంతే తేడా.

రెండో ఫిర్యాదు తేలడానికి ఎక్కువ సేపు పట్టింది. తేలిన సంగతి కూడా దీనికంటే ముఖ్యమైంది.

చెమట తుప్పుకి ఒక దారి ఉంటుంది. వేళ్లు ఎక్కువగా ఆడే చోట, మామూలుగా మొదటి ఫ్రెట్ నుంచి ఏడెనిమిది ఫ్రెట్ల దాకా తీగ అడుగున నల్లబడుతుంది. కుడి అరచెయ్యి ఆనే బ్రిడ్జ్ దగ్గర కూడా. మిగతా భాగం చాలాకాలం మెరుస్తూనే ఉంటుంది. ఈ గిటారులో అలా లేదు. నట్ వెనక, కీలకి చుట్టిన చుట్ల మీద, పదిహేనో ఫ్రెట్ దాటి పికప్‌ల పైన, ఏ వేలూ వెళ్లని చోట్ల కూడా గోధుమరంగు చుక్కలు. వెనక ప్లాస్టిక్ మూత తీస్తే లోపలి స్ప్రింగులు, వాటిని పట్టుకున్న క్లా కూడా అదే రంగు. పికప్ స్క్రూల తలలు పొడి రాలుతున్నాయి.

తర్వాత అతని బ్యాగులో స్పేర్ తీగలున్న కాగితం కవర్లు విప్పాను. ఒక్కసారి కూడా ఎక్కించని తీగలు. వాటి మీదా చుక్కలే.

చెయ్యి తగలని తీగ తుప్పు పట్టిందంటే చెమటకి సంబంధం లేదు. కంపెనీల తప్పు అనడానికీ లేదు, అవి వేరువేరు కంపెనీల కవర్లు.

"గిటారు రోజూ ఎక్కడ పెడతావు బాబూ?" అని అడిగాను.

"చెరువు గట్టు మీద షెడ్డులోనండి. రాత్రి కాపలా పడుకుంటాం కదండి, అక్కడైతే ప్రాక్టీసుకి ఎవరూ ఏమీ అనరండి."

"షెడ్డులో ఇంకేం ఉంటాయి?"

"ఏముంటాయండి... మేత బస్తాలు, ఏరియేటర్ల సామాను, సున్నం, బ్లీచింగ్..."

బ్లీచింగ్ అనగానే నాకు మిగతాది అడగక్కర్లేకపోయింది. చెరువు నీళ్లు శుద్ధి చేయడానికి వాడే ఆ పౌడర్ తేమ తగిలితే కొద్దికొద్దిగా క్లోరిన్ వదులుతూనే ఉంటుంది. మూతి కట్టిన బస్తా అయినా సరే. మూసిన షెడ్డులో ఆ క్లోరిన్, గాలిలోని చెమ్మ కలిసి ఇనుము మీద పడితే ఏ ప్లేటింగూ ఎక్కువ రోజులు నిలవదు. దానికి తోడు చెరువులో ఏరియేటర్ల చక్రాలు తిరుగుతుంటే ఉప్పునీటి తుంపర గట్టంతా పట్టుకుంటుంది. పక్కనే సముద్రం. కోనసీమలో మిగతా ఊళ్లలో వాయించేవాళ్లకి ఉన్న తేమ సమస్య వేరు, ఇతనికి ఉన్నది వేరు. ఆక్వా ప్రాంతంలో ఉన్న ప్రతి గిటారిస్టుకీ ఇది చెప్పాలని ఉంది: బ్లీచింగ్ ఉన్న గదిలో గిటారు, కీబోర్డు, మైకు, ఏదీ పెట్టొద్దు. పౌడర్ ముట్టుకున్న చేతుల్ని సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక గానీ తీగ పట్టుకోవద్దు.

వారానికే మొద్దుబారడం సంగతి కూడా ఇక్కడే ఉంది. లావు తీగ అంటే మధ్యలో స్టీలు కోర్, దాని చుట్టూ దగ్గరదగ్గరగా చుట్టిన ఇంకో తీగ. లావు ఈ అసలు శ్రుతి 82.4 హెర్ట్జ్. కానీ మన చెవికి ఆ మెరుపు, ఆ గంట మోత వచ్చేది దానిపైన పలికే అనుస్వరాల (ఓవర్‌టోన్ల) వల్ల. చుట్ల మధ్య తుప్పు, మురికి, చెమట పేరుకుంటే తీగ బరువు ఒక్కో చోట ఒక్కోలా మారుతుంది, చుట్లు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ముందు చచ్చేది ఆ పై అనుస్వరాలే. తర్వాత ఇంటోనేషన్ పోతుంది. ఓపెన్‌గా శ్రుతిలో ఉన్న తీగ పన్నెండో ఫ్రెట్ దగ్గర అపశ్రుతి పలుకుతుంది. ఇతను ఆ మొద్దుతనాన్ని యాంప్‌లో ట్రెబుల్ పెంచి సరిచేసుకుంటున్నాడు. లేని అనుస్వరాల్ని యాంప్ తేలేదు, హిస్సు మాత్రం పెంచుతుంది.

మురికి వదలడానికి పాత తీగల్ని నీళ్లలో మరిగించే అలవాటు కొందరికి ఉంది. ఒకటి రెండు రోజులు మెరుపు వస్తుంది, నిజమే. కానీ లోపలికి దిగిన తుప్పు పోదు, విప్పి మళ్లీ ఎక్కించడంలో తీగ వంగిన చోట బలహీనపడుతుంది. ఇంకో అలవాటు మన కోనసీమది, కొబ్బరి నూనె రాయడం. ఇతనూ రాస్తున్నాడు. నూనె చుట్ల మధ్యకి దిగి దుమ్ముని పట్టి ఉంచుతుంది, మొద్దుతనం ఇంకా తొందరగా వస్తుంది. వాయించడం అయ్యాక పొడి నూలు గుడ్డతో ఒక్కో తీగనీ పైనా కిందా పట్టి తుడిస్తే చాలు. పాత పంచె ముక్క కంటే మంచిది నేను చూడలేదు.

ఇంతా చెప్పాక అతను అడిగిన ప్రశ్న సబబైనదే. "అయితే స్టెయిన్‌లెస్ వేసేస్తే పోదా అండి?"

పోదు. స్టెయిన్‌లెస్ సెట్టులో పైచుట్టు స్టెయిన్‌లెస్ అవుతుంది, లోపలి కోర్ మామూలు కార్బన్ స్టీలే ఉండొచ్చు. పైన మూడు సన్న తీగలు చాలా సెట్లలో తగరం పూత ఉన్న అదే హై కార్బన్ స్టీలు. నికెల్ అని రాసి ఉన్న సెట్టులోనూ ఆ మూడూ అవే. ఇతనికి తెగేది మొదటిది. దానికి కవరు మీద ఉన్న లోహం పేరుతో పనే లేదు. పైగా స్టెయిన్‌లెస్ గట్టి లోహం, మామూలు నికెల్ సిల్వర్ ఫ్రెట్లని త్వరగా తింటుంది. రెండో తీగ కింద రెండో ఫ్రెట్, మూడో ఫ్రెట్ అప్పటికే గుంటలు పడి ఉన్నాయి. టోన్ పరంగా స్టెయిన్‌లెస్ బాగా పదునుగా ఉంటుంది. సింగిల్ కాయిల్ పికప్‌ల మీద, పక్కన కీబోర్డ్ బ్రాస్ ప్యాచ్‌లు మోగుతుంటే ఆ పదును చెవికి గుచ్చుతుంది.

ప్యూర్ నికెల్ దానికి రెండో వైపు. మెత్తగా, గుండ్రంగా పలుకుతుంది, అవుట్‌పుట్ కాస్త తక్కువ. పాత పాటల మెలొడీకి నాకు చాలా ఇష్టం. కానీ ఓపెన్ గ్రౌండ్‌లో ఆర్కెస్ట్రా మధ్య రిథమ్ కార్డులు కొట్టేవాడికి అది వెనకబడుతుంది. ఇతనికి నికెల్ ప్లేటెడ్ స్టీలే సరైనదనుకున్నాను. మధ్యస్థంగా పలుకుతుంది, భీమవరంలోనైనా కాకినాడలోనైనా దొరుకుతుంది. ప్రోగ్రాం మధ్యలో తెగినా అదే రకం చేతికి రావడం చిన్న విషయం కాదు.

గేజ్ (తీగల మందం) దగ్గర అతని చెయ్యి చూడాల్సి వచ్చింది. వాయించమన్నాను. లీడ్‌లో బెండ్లు చాలా ఎక్కువ, అదీ గమకం లాగా, స్వరం మీద నిలబడి ఊగించే బెండ్లు. సినిమా పాటలో వయొలిన్ బిట్లు, నాదస్వరం బిట్లు గిటారు మీద పలికించాలి కదా. వశిష్ఠ అవతల పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్‌కి జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకుని, అయిదు తీగలతో కర్ణాటక సంగీతం మొత్తం పలికించారు. 2014లో ఆయన వెళ్లిపోయినా ఆ వాద్యం విన్న మన ప్రాంతపు కుర్రాళ్లందరి వేళ్లలో ఆ లాగుడు కొంచెం ఉంటుంది. ఫ్రెట్ మీద గమకం అంటే తీగని పక్కకి లాగడమే. లాగే వేలికి టెన్షన్ అడ్డం రాకూడదు.

25.5 అంగుళాల స్కేల్ మీద స్టాండర్డ్ ట్యూనింగ్‌లో ఆరు తీగల టెన్షన్ కలిపితే 9–42 సెట్టుకి (మొదటి తీగ 9, ఆరోది 42) సుమారు 39 కేజీలు, 10–46 సెట్టుకి సుమారు 47. 11 సెట్టు 50 దాటిపోతుంది. ఈ గిటారులో 11 ఎక్కించాక వెనక స్ప్రింగులు సరిచేయలేదు, అందుకే బ్రిడ్జ్ ముందుకి లేచి యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగ ఎత్తు) పెరిగిపోయింది. అతని చూపుడు వేలి చివర పగుళ్లున్నాయి. 9 వేస్తే లీడ్‌కి హాయి, కానీ రిథమ్ గట్టిగా కొట్టే అలవాటున్నవాడు కాబట్టి లావు తీగలు ఫ్రెట్లకి తగిలి గలగలమంటాయి. ఒక అర్ధస్వరం దించుకుని వాయించేవాళ్లయితే టెన్షన్ పదో వంతుకి పైగా తగ్గుతుంది, అప్పుడు 10 సెట్టే 9కి దగ్గరగా అనిపిస్తుంది. ఆర్కెస్ట్రాలో కీబోర్డుతో పాటు నడవాలి కాబట్టి ఇతనికి ఆ వీలు లేదు. స్కేల్ 24.75 ఉన్న లెస్ పాల్ మోడల్ అయినా 10 వేసేవాణ్ణి.

చివరికి 9–46 వేశాను. సన్న తీగలు మూడూ 9 సెట్టువి, లావు తీగలు మూడూ 10 సెట్టువి. మొత్తం సుమారు 43 కేజీలు. ఇలాంటి సెట్లు ఎర్నీ బాల్, డాడారియో రెండూ తయారు చేస్తాయి. దొరక్కపోతే 9 సెట్టు ఒకటి, 10 సెట్టు ఒకటి కొని కలుపుకోవచ్చు. మిగిలిన మూడు సన్నవి, మూడు లావువి స్పేర్లు అవుతాయి.

కోటింగ్ ఉన్న సెట్టు వేద్దామా అనేది ఆఖరి ప్రశ్న. ఎలిక్సర్ లాంటి వాటిలో చుట్టు తీగ మొత్తం మీద సన్నని పాలిమర్ పొర ఉంటుంది, చుట్ల సందుల్లోకి మురికి దిగదు. మన తేమకి అది నిజంగా పని చేస్తుంది. ధర మామూలు సెట్టుకి రెట్టింపు దాటుతుంది, తీగ వేలికి జారుడుగా ఉంటుంది, మొదటి రోజు మెరుపు కొంచెం తక్కువ. ఇతనికి ఇప్పుడే వద్దన్నాను. షెడ్డు నుంచి గిటారు కదలకుండా కోటింగ్ వేస్తే డబ్బు దండగ. పైగా సీజన్లో ఎలాగూ తీగలు తరచుగా మార్చాలి, బెండ్లకి మొదటి మూడూ అలసిపోతాయి.

చేసిన పని ఎక్కువేం లేదు. మొదటి శాడిల్ మొనని 400, తర్వాత 600, తర్వాత 1000 నంబర్ నీళ్ల పేపర్‌తో దిద్ది, దూది జారేదాకా నునుపు చేశాను. స్ప్రింగులు, క్లా స్క్రూలు కొత్తవి. బ్రిడ్జ్ మట్టానికి తెచ్చి, ట్రస్ రాడ్ (మెడ వంపుని సరిచేసే లోపలి కడ్డీ) చూసి, పన్నెండో ఫ్రెట్ దగ్గర ఇంటోనేషన్ ఒక్కో తీగకీ సరిచేశాను. నట్ గాడుల్లో పెన్సిల్ గ్రాఫైట్. లావు ఈ దగ్గర పికప్ అయస్కాంతం మరీ ఎత్తులో ఉండి తీగని లాగుతోంది, కొద్దిగా దించాను. కొత్త తీగల్ని చేత్తో మెల్లగా సాగదీసి, మళ్లీ ట్యూన్ చేసి, శ్రుతి నిలిచేదాకా అదే చేయించాను. ప్రోగ్రాం రోజు కాకుండా ముందు రోజే సెట్టు మార్చమని చెప్పాను. స్పేర్లు కాగితం కవర్లలో కాకుండా గాలి చొరని ప్యాకింగ్‌లో వచ్చేవి కొని, విప్పాక మిగిలినవి సిలికా జెల్ పొట్లాలతో జిప్ కవర్లో పెట్టుకోమన్నాను.

గిటారు ఇప్పుడు ఇంట్లో పడకగదిలో గోడకి దూరంగా ఉంటోంది. షెడ్డులో ప్రాక్టీసుకి ఒక పాత అకూస్టిక్ పెట్టుకున్నాడు. భీష్మ ఏకాదశి తీర్థం రోజుల్లో ప్రోగ్రాములు అయ్యాక మళ్లీ తెచ్చి చూపించాడు. మొదటి తీగ తెగలేదు. లావు తీగల మీద మొదటి ఫ్రెట్ నుంచి అయిదో ఫ్రెట్ దాకా అడుగున నల్ల చారలు, మిగతా చోట్ల తెల్లగా ఉంది. అంటే ఇప్పుడు కనిపిస్తున్నది చెమట ఒక్కటే, అది మామూలే. నెల దాటిన సెట్టయినా కార్డ్ కొడితే మెరుపు పూర్తిగా పోలేదు. "ఆయ్, ఇదే కంపెనీది ఇదివరకూ వేశానండి, అప్పుడు వారం కూడా ఆగలేదు" అన్నాడు.

మిగిలింది రెండో తీగ కింద ఫ్రెట్ల గుంటలు. అక్కడ బెండ్ చేస్తే ఇంకా గరగరమంటోంది, సన్న తీగ వేశాక అది బాగా తెలుస్తోంది. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి గిటారు అప్పుడు నా దగ్గర వదిలేస్తానన్నాడు. ఫ్రెట్లు లెవెల్ చేసి, గుండ్రం దిద్దాక, వానాకాలం ఎక్కువగా ఊరికే ఉండే గిటారు కాబట్టి ఆ నెలల కోసం కోటింగ్ ఉన్న 9–46 వేసి పంపుతాను.